గుంత పూడ్చే ఆట

ఆదోని,
13 జులై 2025

పెద్దనాయనకు యశోద దండాలు.

ఇక్కడ హాస్టల్లో చేరిన రోజే ఫోన్లు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆదివారం ఒక్కసారి మాట్లాడనిస్తారు, అదీ అమ్మానాన్నల నంబరుకే. కాబట్టి ఇకమీదట మన కబుర్లన్నీ కాగితం మీదే. పదో తరగతి దాకా ఎమ్మిగనూరులో నీ ఇంట్లో ఉండి చదువుకున్నదాన్ని కదా, నీకు జాబు రాయడమంటే పక్క గదిలో ఉన్న మనిషికి చీటీ పంపినట్టుంది. అయినా నాకిది బాగుంది. నోట్లోంచి మాట వచ్చేలోపే జారిపోతుంది. కాగితం మీదైతే కాసేపు చేతిలో ఉంటుంది, అటూ ఇటూ తిప్పి చూసుకోవచ్చు.

అసలు సంగతి విను. మాకు తెలుగు చెప్పే మధ్వేశ్ సార్ ఆగస్టు ఇరవై తొమ్మిదికి వ్యాసాల పోటీ పెట్టారు. తెలుగులో పెద్దగా ఎవరూ రాయని విషయం తీసుకోవాలి, వీలైనంత వరకు మన మాటల్లోనే రాయాలి. “ఇంగ్లీషు మాట వాడడం తప్పు కాదమ్మా, వెతక్కుండా వాడడం తప్పు” అన్నారు. నేను వీడియో ఆటలు తీసుకున్నాను. నవ్వకు! మహేంద్రన్న తన ఫోన్లో ఒక చిన్న మనిషిని ఎగిరించి గట్టు మీంచి గట్టు మీదికి దూకిస్తుంటే నేను భుజం మీదుగా తొంగి చూసేదాన్ని కదా, ఆ రకం ఆటలు. ఇంగ్లీషులో ప్లాట్‌ఫారం ఆటలంటారు. అవి ఎలా పుట్టాయన్నది నా వ్యాసం. ప్లాట్‌ఫారం అనగానే మా గదిలో ఉండే శ్రీలక్ష్మి “రైలొచ్చే లోపల పట్టాలు దాటే ఆటనా?” అని అడిగింది. అందుకని దానికి మాట వెతికాను. వేదిక అంటే ఎవరో ఉపన్యాసం మొదలుపెడతారేమో అనిపించింది. తిన్నె బాగుంది కానీ మెత్తగా ఉంది. చివరికి అరుగు దగ్గర ఆగాను. అరుగుల ఆట. ఎలా ఉంది?

1980లో జపానులో ఒక ఆట వచ్చిందట. ఈ వంశానికి అదే మొదటిదని చాలామంది అంటారు. విచిత్రమేమిటంటే, అందులో మనిషికి దూకడమే రాదు! నిచ్చెనలు ఎక్కుతాడు, దిగుతాడు, అంతే. రాక్షసులు వెంటపడితే అరుగు మీద గుంత తవ్వుతాడు. వచ్చినవాడు ఆ గుంతలో ఇరుక్కుని కూర్చుంటాడు. అప్పుడు పైనుంచి కొట్టి, వాణ్ణి కిందికి తోసి, గుంత పూడ్చేయాలి. పూడిస్తేనే గెలుపు. ఆలస్యం చేస్తే గుంతలో కూర్చున్నవాడు మళ్ళీ లేచి మీద పడతాడు. ఆటగాడికి ఊపిరి కూడా లెక్కే, తొందరపడకపోతే అది అయిపోతుంది.

ఈ ముక్కను నాలుగుసార్లు తిరగరాశాను. నీకు అర్థమైందా లేదా నిజం చెప్పు. నీకు అర్థమైతే ఎవరికైనా అవుతుంది.

పెద్దమ్మను అడిగానని చెప్పు. ఇక్కడి పప్పులో ఉప్పు తప్ప ఇంకేం లేదని కూడా చెప్పు.

నీ జవాబు కోసం గేటు వైపే చూస్తుండే
యశోద


ఎమ్మిగనూరు,
19 జులై 2025

యశోదమ్మకు సోమప్ప, దేవమ్మ దీవెనలు.

నీ జాబు అందింది. నేను ఒకసారి చదువుకున్నాను, మీ పెద్దమ్మకు ఒకసారి చదివి వినిపించినాను. అర్థమయిందా అని అడిగినావు. అయింది. బాగా అయింది.

ఇంటి సంగతి నీకు తెలియనిది కాదు. ఉగాది నుంచి మహేంద్ర ఒకటే పట్టు మీద ఉన్నాడు. ముందరి గదిలో మగ్గం తీసేసి, దాని కింది గుంత పూడ్చి, బండలు పరిచి, ఫోన్లు బాగుచేసే అంగడి పెడతాడంట. రోడ్డు మీదికి ఉన్నది ఆ గది ఒక్కటే. మన వీధిలో శేషప్ప వాళ్ళు పూడ్చినారు, వాళ్ళ పక్కింటోళ్ళు పూడ్చినారు. నేను మాత్రం ముప్పై ఏండ్లకు పైగా ఆ గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చొని నేసినవాణ్ణి. పూడ్చను అన్నాను. ఆ పొద్దు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. “మీ ఆయప్పకు సెప్పు, కరెంటు బిల్లు వచ్చిందని” అంటాడు వాడు. “నీ కొడుకుకు సెప్పు, నాకు కండ్లున్నాయని” అంటాను నేను. “మీ మధ్య నేనేమన్నా మైకునా?” అని మీ పెద్దమ్మ ఇద్దరినీ తిడతాది.

మా అమ్మ బతికి ఉండగా ఈ ఇంట్లో పెద్దోళ్ళకు ఎదురుమాట ముఖాన చెప్పే వాడుక లేదు. చెప్పల్సి వస్తే, ఎవరో ఊర్లో ఎవరికో జరిగినట్టు కథ చెప్పల్ల. వినేవాడు అది తనకే అని తెలుసుకోవల్ల. మహేంద్ర ఆ వాడుక తప్పినాడు. నీవు తప్పలేదు. ఆ జేజి ఒడిలో పెరిగిన పిల్లవని అనిపించినావు. కథ కోసం జపాను దాకా పోయినావు.

కడమ కథ కూడా రాయి. వింటాను.

సోమప్ప


ఆదోని,
27 జులై 2025

పెద్దనాయనా!

నీ జాబు చూసి గాల్లో తేలిపోయాను. జేజితో పోల్చావు నన్ను! జేజి కథ చెబుతుంటే అన్నం చల్లారిపోయినా ఎవరూ లేచేవాళ్ళు కాదు కదా. ఆ వాక్యం శ్రీలక్ష్మికి చదివి వినిపించాను. “మీ ఇంట్లో కూడా మెచ్చుకుంటారా!” అని కుళ్ళుకుంది.

నీకూ మహేంద్రన్నకూ నడుస్తున్న దాంట్లో నేను తలదూర్చను, చిన్నదాన్ని. అంగడి సంగతి వేసవి సెలవుల్లోనే నాతో చెప్పాడు. బోర్డుకు ఏ రంగు బాగుంటుందని కూడా అడిగాడు. నీలం అన్నాను. మీరిద్దరూ ఎలాగో ఒక దారికి వస్తారులే.

ఇక నా కథ. 1981లో ఇంకో ఆట వచ్చింది. పైన ఒక గొరిల్లా కూర్చుని పీపాలు దొర్లిస్తుంటుంది. కింది నుంచి ఒక మనిషి ఏటవాలు దూలాల మీదుగా ఎక్కాలి. తేడా ఎక్కడుందో చెప్పనా? ఈ మనిషి దూకగలడు. ఒక్క మీట నొక్కితే చాలు, గాల్లోకి లేస్తాడు. పెద్దనాయనా, ఆ మీట గురించి రాస్తుంటే నాకు ఒళ్ళు జలదరించింది. అంతవరకు నిచ్చెన ఎక్కడుంటే అక్కడికే పోవాలి. ఇప్పుడు నిచ్చెన లేని చోట కూడా దారి ఉంది. దూకడం వచ్చిన రోజు నుంచి గుంతకు పని లేకుండా పోయింది. గుంత తవ్వుకుని కాచుకుని కూర్చునే ఆట ఒక్క ఏడాదికే పాతబడింది. తర్వాత వచ్చిన వాటిల్లో గుంత ఉంది కానీ, అది వట్టి అడ్డం. దాన్ని దాటుకుని ముందుకు పోవాలి.

ఆ ఏడాదే తెర కదిలే ఆట కూడా ఒకటి వచ్చిందట. నేలే వెనక్కి జరుగుతుంటుంది. ఉన్నచోటే ఉంటానంటే కుదరదు. ఇంకో విషయం, మొదట్లో వీటికి పేరే కుదరలేదట. ఎక్కుడు ఆటలు అనేవాళ్ళట. దూకుడు ఆటలంటే ఎలా ఉంటుందని సార్‌ని అడిగాను. “పేరు చూసి పోలీసులొస్తారమ్మా” అన్నారు.

వ్యాసానికి ముగింపు కుదరడం లేదు. నువ్వే తీర్పు చెప్పాలి. గుంతను ఏం చేయాలి పెద్దనాయనా? పూడ్చాలా, ఉంచాలా? ఒక్క వాక్యం చాలు. నువ్వేమంటే అదే నా చివరి మాట. త్వరగా రాయి, గడువు దగ్గర పడుతోంది.

నీ ముద్దుల పాప
యశోద


ఎమ్మిగనూరు,
5 ఆగస్టు 2025

యశోదకు,

ఒక్క వాక్యం అడిగినావు. పూడ్చల్ల. ఇదే నా వాక్యం.

నీ జాబు వచ్చినాక రెండు దినాలు మగ్గం మీద కూర్చోలేదు. నీతో బోర్డు రంగు దాకా మాట్లాడినాడంటే వాడు ఎంత ముందుకు పోయినాడో తెలిసింది. నాకు తప్ప అందరికీ తెలుసు. వాడు ముఖాన అడిగినప్పుడు కాదనగలిగినాను. నీవు కథ చేసి అడిగినావు, కాదనలేకపోయినాను. పాతబడింది అని రాసినావు. అడ్డం అని రాసినావు. నిజమే అయ్యుండొచ్చు. ఆ గుంత గట్టు మీద కూర్చొని కాళ్ళు లోపలికి వేలాడేసుకొని ఎక్కాలు చదివిన పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే ఇంగ ఎవరి నోట రావల్ల?

నిన్న మీ పెద్దమ్మతో చెప్పించినాను, పూడ్చుకోమని. వాడు ఎగిరి గంతేస్తాడనుకున్నాను. “నిజంగానా? ఆయప్పే అన్న్యాడా?” అని రెండుసార్లు అడిగి బయటికి పోయినాడంట. సోమవారం, పదకొండో తారీఖు, మట్టి ట్రాక్టరు వస్తాది. తిథి చూపించలేదు. పూడ్చేదానికి తిథి ఏమిటికి?

ఈ పొద్దు మగ్గం మీది పడుగు కోసినాను. చీర సగం కూడా కాలేదు. అచ్చు పండ్ల సందుల్లో ఒక్క పోగు మిగలకుండా లాగేసినాను. మిగిలితే మళ్ళీ అతకబుద్ధి అయితాది. మగ్గం కట్టెలు బసవన్నకు ఇచ్చేస్తాను, వాళ్ళ ఇంట్లో ఇంకా నేస్తాండారు.

నీవు బాగా చదువుకో. జాబు రాయొద్దు అనను. కథలు మాత్రం ఇంగ వద్దు.

సోమప్ప


ఆదోని,
8 ఆగస్టు 2025, స్పీడ్ పోస్టు

పెద్దనాయనా, ఆపు. మట్టి వేయొద్దు. ముందు ఇది చదువు.

నేను రాసింది ఆట గురించి. నిజంగా ఆట గురించే. దాని వెనక ఇంకేమీ లేదు. మహేంద్రన్న నాతో ఏమీ రాయించలేదు. జూన్‌లో ఇక్కడ చేరినప్పటి నుంచి వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఎలా మాట్లాడతాను, నా చేతిలో ఫోనే లేదు కదా. బోర్డు రంగు అడిగినప్పుడు అది నీకు తెలిసిన సంగతే అనుకుని చెప్పాను. నీ మొదటి జాబులో “నీవు తప్పలేదు” అని ఉంటే నన్ను మెచ్చుకున్నావనుకున్నాను. ఆ జాబును ఇప్పుడు మళ్ళీ చదివాను. ప్రతి వాక్యంలో నువ్వు బాధపడుతున్నావు, నేను మాత్రం నా పొగడ్త వెతుక్కున్నాను.

నీ జాబు ఈ మధ్యాహ్నం అందింది. అందగానే వార్డెన్ ఉచ్చీరమ్మ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆమె జాలిపడి ఫోను ఇచ్చారు. మహేంద్రన్నకు చేశాను, తెలియని నంబరు కదా, ఎత్తలేదు. నీ దగ్గర ఫోనే లేదు, పెద్దమ్మ ఫోను పనిచేయడం లేదు. అమ్మకు చేస్తే, “వాళ్ళ తండ్రీకొడుకుల మధ్యకు మనం పోతే అక్క ముందర నేను తలెత్తుకోవల్లా వద్దా? నువ్వు సదువుకో పో” అని పెట్టేసింది. బయటికి పోవాలంటే నాయన వచ్చి సంతకం పెట్టాలి. నాయన పెద్దకడుబూరు చేలల్లో పత్తికి మందు కొడుతున్నాడు. ఎమ్మిగనూరు బస్సులు ఈ గేటు ముందు నుంచే పోతుంటాయి. వాటి హారన్లు వింటూ ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నాకు తెలిసింది చెబుతాను. తప్పు ఎక్కడ జరిగిందంటే, నా మాటల్లో. వీడియో గేమ్‌లో పిట్ ఫిల్ చేస్తారు అని రాసి ఉంటే నువ్వు పిల్ల చదువు అనుకుని పక్కన పెట్టేసేవాడివి. నేను తెలుగు చేస్తున్నానన్న సంబరంలో గుంత అన్నాను, పూడ్చు అన్నాను, కూర్చున్నవాడు అన్నాను. అవి నాకు నిఘంటువులో దొరికాయని మురిసిపోయాను. అవి మన ఇంటి మాటలు. ఈ ఉగాది నుంచి మీరిద్దరూ వాటితోనే కొట్లాడుకుంటున్నారు. మాట తెలిస్తే చాలనుకున్నాను. అది ఆ సమయంలో ఎవరి ఇంట్లో ఎలా మోగుతుందో చూసుకోలేదు.

గుంత పూడ్చాలో వద్దో నాకు తెలియదు. నీ నడుము నొప్పి నాకు తెలుసు. మహేంద్రన్న నంద్యాలలోనో కర్నూలులోనో ఎవరి అంగట్లోనో పనికి కుదరకుండా ఇంటి దగ్గరే ఉండాలనుకుంటున్నాడనీ తెలుసు. పూడ్చాలని నీకే అనిపిస్తే పూడ్చు. వాడి కోసం అనిపిస్తే వాడి కోసం పూడ్చు. నా మాట మీద మాత్రం వద్దు. నేను ఆ మాట అననే లేదు.

ఇది సోమవారం లోపల చేరాలని పోస్టాఫీసుకు పోయే ఆయాకు ఇచ్చి చేతులు పట్టుకుని చెప్పాను.

యశోద


ఆదోని,
13 ఆగస్టు 2025

పెద్దనాయనా,

బుధవారం అయింది. నీ నుంచి ఏమీ రాలేదు. జాబు చేరిందా? ట్రాక్టరు వచ్చిందా? రెండింటిలో ఏది ముందు వచ్చింది?

వ్యాసం సార్‌కి ఇవ్వలేదు. “ఏమ్మా, జపాను నుంచి ఇంకా దిగలేదా?” అని క్లాసులో అడిగారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

పూడ్చేసి ఉంటే అదైనా రాయి. తిట్టాలనుకుంటే తిట్టు. ఏమీ రాకపోతేనే కష్టంగా ఉంది. పెద్దమ్మ చేతనైనా ఒక ముక్క రాయించు.

యశోద


ఎమ్మిగనూరు,
17 ఆగస్టు 2025

పాపకు పెద్దనాయన రాయడమేమంటే,

రెండు జాబులూ చేరినాయి. వెంటనే రాయకపోవడం కోపంతో కాదు. చేతులు ఖాళీ లేవు. ఎందుకు లేవో చెబుతాను.

సోమవారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చి వాకిట్లో మట్టి కుమ్మరించి పోయింది. మహేంద్ర పార పట్టుకొని నిలబడినాడు కానీ మొదలుపెట్టలేదు. నేనే గంప తీసుకొని మొదటిది పోసినాను. రెండోది పోసినాను. మూడోది ఎత్తుతుంటే పోస్టుమాను వచ్చి సంతకం అడిగినాడు. నా చేతుల నిండా మట్టి. మీ పెద్దమ్మ సంతకం పెట్టి, గడపలో నిలబడి గట్టిగా చదివింది. ఇద్దరమూ విన్నాము.

ఆమె చదవడం అయిపోయినాక వాడే ముందు నోరు తెరిచినాడు, నాతోనే, నా ముఖం చూసి.

“అంటే ఆ పాపతో నేను రాపిచ్చినాననుకుంటివా నాయనా?”

“మరి ఏమనుకోవల్ల?”

“నాకు నోరు లేదా? ఈ ఇంట్లో నీకు నేరుగా సెప్పినోణ్ణి నేనొక్కణ్ణే గదా! దానికే గదా ఇన్నాళ్ళు మాట్లాడకపోతివి. ఇప్పుడు దొంగచాటుగా రాపిచ్చే నా కొడుకునైతినా?”

ఉగాది పొద్దు వాడు నన్ను పూడ్చమని అడిగినాడు, నేను కాదన్నాను. అంతవరకు అది ఇద్దరు మనుషుల పోరు. మధ్యలో వాణ్ణి కపటిని చేసింది నేనే, నా మనసులో.

“తండ్రీకొడుకులు మాట్లాడుకోవల్లంటే పోస్టుమాను రావల్సొచ్చె. ఆయప్పకు మజ్జిగన్నా ఇయ్యండి, పోతాండాడు” అని మీ పెద్దమ్మ అరిచింది.

వాడు పార ఆడనే పడేసి బయటికి పోయినాడు. పొద్దు గుంకేదాకా రాలేదు. నందవరం బస్సెక్కినాడని శేషప్ప చెప్పినాడు. మీ పెద్దమ్మ వాకిట్లో మట్టి కుప్ప పక్కనే కూర్చొనింది. వచ్చినాడు. అన్నం తిన్నాడు. పోయి పడుకున్నాడు.

మంగళవారం నేను గుంతలోకి దిగి ఆ రెండు గంపల మట్టీ ఎత్తి బయట పోసినాను. వాడు గడప మీద కూర్చొని చూస్తాండాడు. “పడుగు కోసేస్తివి, పోగులన్నీ పీకేస్తివి, ఇంగ గుంత తీసి ఏం జేస్తావు?” అన్నాడు. నిజమే. కట్టెలు ఇంకా బసవన్న ఇంటికి పోలేదు కానీ పోగులు పోయినాయి. అచ్చులో పోగులు ఉంటే కొత్త పడుగు వాటికి అతికి లాక్కోవచ్చు. లేకుంటే మొదటి నుంచి ఒక్కొక్క పోగూ అచ్చులో ఎక్కించల్ల. అది ఒక మనిషితో అయ్యే పని కాదు. వెనకాల ఒకరు కూర్చొని పోగు ఏరి అందించల్ల, ముందర ఒకరు కూర్చొని దాన్ని లాక్కోవల్ల. మీ పెద్దమ్మ కూర్చొనింది కానీ ఆమె చెయ్యి వణుకుతాది, రెండు మూడు పోగులు కలిసి వస్తాయి. నేనే అటుకు పోయి ఏరి, ఇటుకు వచ్చి లాగి, మళ్ళీ అటుకు పోతా ఉన్నాను. మహేంద్ర కొంచెంసేపు చూసినాడు. “ఆ నడుముతో అట్ల తిరిగితే ఆస్పత్రికి నేనే గదా మోయాల” అని వచ్చి వెనకాల కూర్చొన్నాడు.

నీకు ఇప్పుడు చెప్పాలనుకున్నది ఇదే. నేను ఎక్కువ రాయలేను. మా మధ్యలో అచ్చు ఉంటాది, ముఖాలు సరిగా కనపడవు. వాడు పోగు అందిస్తాడు, నేను పట్టుకొని “ఊ” అంటాను. వాడు ఇంకొకటి అందిస్తాడు. మొదటి దినం అదొక్క మాటే. రెండో దినం “ఇది తెగింది” అన్నాడు, “ముడెయ్యి” అన్నాను. నిన్న ఏదో చెప్పి వాడే నవ్వినాడు, నాకు వినపడలేదు, అయినా నేనూ నవ్వినాను. మట్టి వాకిట్లోనే ఉంది. వాన పడితే బురద అయితాదని పక్కింటోళ్ళు గొణుగుతాండారు. తీయించమని నేనూ అనలేదు, వాడూ అనలేదు.

అంగడి ఏమయితాదో, మగ్గం ఏమయితాదో తేలలేదు. ఆ మాట అచ్చు నిండినాక ఎత్తాలని ఎవరూ అనకుండానే అనుకున్నాము. వాడు చిన్నప్పుడు ఎంత వడిగా అందిస్తాండెనో నాకు తెలుసు. ఇప్పుడు ప్రతి పోగూ వేలికి చుట్టి, వెలుతురుకు పెట్టి చూసి, అప్పుడు ఇస్తాడు. నేను కూడా వడిగా లాగడం లేదు.

నీ వ్యాసం సారుకు ఇవ్వు. గుంత మాట తీసేయొద్దు.

పెద్దనాయన
సోమప్ప